సినిమాలాంటి గేమ్స్‌లో నిజంగా ఛాలెంజ్ ఉందా? ఉంది, కానీ పక్కదారిలో పెట్టారు

"అది గేమ్ కాదు బ్రో, మధ్యమధ్యలో బటన్ నొక్కే సినిమా." గాడ్ ఆఫ్ వార్, అన్‌చార్టెడ్, ది లాస్ట్ ఆఫ్ అస్ లాంటి పేర్లు ఎత్తగానే మన ఫ్రెండ్స్ గ్రూప్‌లో కనీసం ఒకరైనా ఈ మాట అంటారు. రోజూ బీజీఎంఐలో నిజమైన మనుషులతో తలపడేవాళ్ళయితే ఇంకా గట్టిగా అంటారు. "యూట్యూబ్‌లో మొత్తం కథ ఫ్రీగా చూసేయొచ్చు కదా, దానికి డబ్బులు ఎందుకు తగలెయ్యడం?" అనేది వాళ్ళ రెండో ప్రశ్న.

ఈ రెండో ప్రశ్న నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే మన దగ్గర పీఎస్5లో ఒక పెద్ద గేమ్ లాంచ్ రోజున కొనాలంటే సుమారు 5,000 రూపాయలు పెట్టాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకైనా, పాకెట్ మనీ దాచుకునే స్టూడెంట్‌కైనా అది చిన్న మొత్తం కాదు. అంత పెట్టి కొన్న గేమ్‌లో మనం చేసేదానికీ, సోఫాలో కూర్చుని వీడియో చూసేదానికీ పెద్ద తేడా లేకపోతే ఆ డబ్బు దండగే. కాబట్టి "గ్రాఫిక్స్ అదిరిపోయాయి" అని సరిపెట్టుకోకుండా, ఈ గేమ్స్ మనకి నిజంగా పరీక్ష పెడుతున్నాయా లేదా అని సూటిగా చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఛాలెంజ్ ఉంది. కొన్నింటిలో చాలా గట్టిగా ఉంది. కానీ స్టూడియోలు దాన్ని మెయిన్ కథ నడిచే దారిలో కాకుండా పక్కదారిలో పెట్టాయి. నార్మల్ మోడ్‌లో కథ ముగించి పక్కన పెట్టేసేవాళ్ళకి అది కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

సినిమాటిక్ అనేది కెమెరా సంగతి, ఛాలెంజ్ అనేది రూల్స్ సంగతి

ముందు ఈ రెండింటినీ విడదీయాలి. సినిమాలా కనిపిస్తే చాలు, ఈజీ గేమ్ అని మనం అనుకుంటాం. చరిత్ర చూస్తే అలా లేదు. 1983లో ఆర్కేడ్‌లలోకి వచ్చిన డ్రాగన్స్ లేర్ తీసుకోండి. డాన్ బ్లూత్ టీమ్ గీసిన కార్టూన్ సినిమాని లేజర్‌డిస్క్ మీద పెట్టి ఆడించారు. అంతకన్నా సినిమాటిక్ గేమ్ ఇంకేం ఉంటుంది? కానీ అది మహా కష్టం. సరైన క్షణంలో సరైన వైపు జాయ్‌స్టిక్ తిప్పకపోతే హీరో అక్కడికక్కడే ఫట్.

మరి అది మంచి ఛాలెంజా? నన్నడిగితే కాదు. అందులో గెలవడానికి ఎక్కువగా పనికొచ్చేది జ్ఞాపకశక్తి. ఎక్కడ ఎడమ, ఎక్కడ కుడి అని బట్టీ కొట్టాలి. చచ్చిపోయినప్పుడు మనకి తెలిసేది "ఇక్కడ ఇది కాదన్నమాట" అన్న ఒక్క ముక్కే.

కోడ్ రాసేవాళ్ళకి ఈ తేడా ఈజీగా అర్థమవుతుంది. ఒక ప్రోగ్రామ్ ఫెయిలైనప్పుడు "ఫలానా లైన్‌లో ఫలానా తప్పు" అని ఎర్రర్ వస్తే మనం దాన్ని సరిచేసుకుని ముందుకెళ్తాం. "ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి" అని వస్తే జుట్టు పీక్కుంటాం. రెండూ ఫెయిల్యూరే, కానీ మొదటిది ఏదో నేర్పుతుంది. గేమ్‌లోనూ అంతే. మంచి ఛాలెంజ్‌కి నేను చూసేవి మూడు. నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సమాచారం ముందే నా కళ్ళకి కనిపించాలి. ఒకటి కంటే ఎక్కువ దారులు ఉండాలి. ఓడిపోతే ఎందుకు ఓడిపోయానో నాకు తెలియాలి. ఈ మూడూ ఉంటే కెమెరా ఎంత సినిమాలా తిరిగినా అది అసలైన గేమే.

విమర్శించేవాళ్ళు చెప్పేది ఎక్కడ కరెక్ట్?

చాలాచోట్ల కరెక్టే. అన్‌చార్టెడ్ సిరీస్ 2007లో మొదలైంది. అందులో నేథన్ డ్రేక్ కొండ అంచులు పట్టుకుని ఎక్కుతుంటే మనకి గుండె దడదడలాడుతుంది. కానీ చేతిలో చేస్తున్నదేంటి? స్టిక్‌ని ఒకవైపు తోసి, దూకే బటన్ నొక్కడం. ఎక్కడ పట్టుకోవాలో గేమే రంగు మార్చి చూపిస్తుంది. పట్టు జారి రాయి ఊడిపోయే సీన్ కూడా ముందే రాసి పెట్టిందే. మన తప్పు వల్ల ఊడదు, మన తెలివి వల్ల ఆగదు. ప్రమాదం ఉన్నట్టు కనిపించడం వేరు, నిజంగా ప్రమాదం ఉండడం వేరు.

దీనికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ 2015లో పీఎస్4కి వచ్చిన ది ఆర్డర్: 1886. చూడటానికి ఆ రోజుల్లో దాన్ని కొట్టిన గేమ్ లేదనే చెప్పాలి. ఈ రోజుకీ బాగుంటుంది. అయితే ముఖ్యమైన పోరాటాల్లో కొన్నింటిని స్క్రీన్ మీద గుర్తు రాగానే ఆ బటన్ నొక్కే పద్ధతిలో నడిపించారు. గేమ్ విడుదలకి ముందే సుమారు 5 గంటల పూర్తి ప్లేత్రూ యూట్యూబ్‌లోకి వచ్చేసి పెద్ద గొడవైంది. కొన్నవాళ్ళకీ ఆ వీడియో చూసినవాళ్ళకీ దక్కిన అనుభవంలో తేడా తక్కువ. పైన పటారం, లోన లొటారం అనే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018) సంగతి వేరు. అది నాకు చాలా ఇష్టమైన గేమ్. అయినా మిషన్‌ల డిజైన్ విషయంలో మాత్రం దాన్ని వెనకేసుకు రాలేను. బయట అంత పెద్ద స్వేచ్ఛా ప్రపంచం. మిషన్ మొదలవగానే మాత్రం గేమ్ గీసిన గీత దాటకూడదు. కాస్త పక్కకెళ్ళి వేరే వైపు నుంచి దాడి చేద్దామనుకుంటే చాలాసార్లు మిషన్ ఫెయిల్. ఇక్కడ ఓటమి ఉంది, కానీ ఛాలెంజ్ లేదు. సొంతంగా ఆలోచించినందుకే ఫెయిల్ చేస్తే అది క్రమశిక్షణ అవుతుంది గానీ పరీక్ష కాదు.

ఇక గోరుముద్దలు తినిపించడం ఒకటి. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్ (2022)లో ఒక పజిల్ ముందు నిలబడి ఆలోచించేలోపే పక్కనున్న పాత్ర సమాధానం చెప్పేస్తుంది. దీని మీద వచ్చిన విమర్శ పూర్తిగా న్యాయమైనదే. రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్ (2023)లో పగలగొట్టాల్సిన డబ్బాల మీద పసుపు రంగు పూత, ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్ (2024)లో ఎక్కాల్సిన రాళ్ళ మీద పసుపు రంగు, వీటి మీద జరిగిన చర్చ కూడా ఇదే. గ్రాఫిక్స్ నిజానికి దగ్గరయ్యే కొద్దీ ఏది ముట్టుకోవచ్చో, ఏది బొమ్మో ప్లేయర్‌కి తెలియడం కష్టమవుతోంది. అందుకే రంగు పూయాల్సి వస్తోంది. అంటే ఇక్కడ అందమే ఆటకి అడ్డుపడుతోంది.

మరి ఛాలెంజ్ ఎక్కడుంది?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. గాడ్ ఆఫ్ వార్ (2018) మొదటి నుంచి చివరి వరకు కట్ లేని ఒకే షాట్‌లా నడుస్తుంది. సినిమాటిక్ అనడానికి అంతకంటే ఏం కావాలి? అదే గేమ్‌లో 9 మంది వాల్కిరీలు ఉన్నారు. కథ పూర్తి చేయడానికి వాళ్ళని ఓడించాల్సిన పని లేదు. కాబట్టి చాలామంది వాళ్ళ జోలికే వెళ్ళరు. కానీ ఆ గేమ్ పోరాట వ్యవస్థ ఎంత లోతుగా ఉందో తెలిసేది అక్కడే.

ఎలాగంటే, వాల్కిరీ దాడికి ముందు పసుపు వలయం కనిపిస్తే మామూలుగా డాలు అడ్డుపెట్టడం పనిచేయదు. సరైన క్షణంలో డాలు ఎత్తి పారీ చేయాలి, లేదా తప్పుకోవాలి. ఎరుపు వలయం వస్తే డాలు మాట మర్చిపోయి పక్కకి దూకాల్సిందే. సమాచారం ముందే ఇస్తుంది, నిర్ణయం మనకి వదిలేస్తుంది. చివర్లో వచ్చే వాల్కిరీ రాణి సిగ్రున్ మిగతా 8 మంది దాడులనూ కలిపి వాడుతుంది. అంటే ఆమె ఫైనల్ ఎగ్జామ్, మిగతా 8 మంది యూనిట్ టెస్టులు. ఒక్కో వాల్కిరీ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది. నేను ఆమె చేతిలో ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టలేదు గానీ, ప్రతిసారీ ఎందుకు చచ్చానో మాత్రం నాకు తెలుసు. ఆ ఫైట్‌ని యూట్యూబ్‌లో వందసార్లు చూసినా మీ వేళ్ళకి అది రాదు. ఈత గురించి వీడియో చూసినంత మాత్రాన నీళ్ళలో తేలలేం కదా.

ఇంకో సంగతి. ఆ గేమ్‌లో కెమెరా క్రేటోస్ భుజానికి అతుక్కున్నట్టు ఉంటుంది. సినిమాకి అది అందం. పోరాటంలో మాత్రం వెనక నుంచి వచ్చే శత్రువు కనపడడు. అందుకే చుట్టూ బాణం గుర్తులు పెట్టారు, ఆట్రియస్ చేత అరిపించారు. కళ్ళతో ఒకడిని, గుర్తులతో, చెవులతో మిగతావాళ్ళని గమనించాలి. సినిమా కెమెరాయే ఇక్కడ కొత్త ఛాలెంజ్‌ని తెచ్చిపెట్టింది.

ది లాస్ట్ ఆఫ్ అస్ (2013)ది ఇంకో రకం. 2014లో దానికి గ్రౌండెడ్ అనే మోడ్ వచ్చింది. ఆరోగ్యం ఎంతుందో, బుల్లెట్లు ఎన్నున్నాయో స్క్రీన్ మీద చూపించదు. గోడ అవతల శత్రువులని పసిగట్టే లిజన్ మోడ్ ఉండదు. వస్తువులు అతి తక్కువ. ఇక్కడ నాకు బాగా నచ్చిన డిజైన్ ఒకటి చెప్తాను. గాయానికి కట్టే మెడికల్ కిట్‌కీ, శత్రువుల మీద విసిరే మోలోటోవ్‌కీ కావలసినవి ఒకటే: ఆల్కహాల్, గుడ్డ. నార్మల్‌లో రెండూ చేసుకునేంత దొరుకుతాయి కాబట్టి ఈ లెక్క మీకు తట్టదు. గ్రౌండెడ్‌లో మాత్రం ప్రతి సీసా దగ్గరా "ఇప్పుడు బతకాలా, తర్వాత దాడి చేయాలా" అని ఆగి ఆలోచిస్తారు. అప్పుడే కథకీ ఆటకీ లంకె కుదురుతుంది. బతకడమే కష్టమైన ప్రపంచం అని కట్‌సీన్‌లో చెప్పే మాట, ఆడేటప్పుడు కూడా నిజమవుతుంది. నా దృష్టిలో ఆ గేమ్ కథ కూడా కష్టమైన మోడ్‌లోనే బాగుంటుంది.

ఘోస్ట్ ఆఫ్ సుషిమా (2020)కి లాంచ్ తర్వాత అప్‌డేట్‌లో లీథల్ మోడ్ ఇచ్చారు. అందులో శత్రువు కత్తి మనకి ఎంత ప్రాణాంతకమో, మన కత్తి కూడా వాళ్ళకి అంతే. ఒకటి రెండు దెబ్బల్లో ఎవరో ఒకరు పడిపోతారు. కత్తి మీద సాము అంటే అదే. సమురాయ్ సినిమాల్లో కనిపించే ఆ ఉత్కంఠ నార్మల్ కంటే లీథల్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది. కష్టం పెరిగితే సినిమా చెడిపోవాల్సిన పనిలేదని ఇంతకంటే బాగా ఏం చెప్పాలి?

పక్కదారిలో ఎందుకు పెట్టారు?

డబ్బు. 2023లో మైక్రోసాఫ్ట్, యాక్టివిజన్ డీల్ మీద అమెరికాలో కేసు నడిచినప్పుడు సోనీ కోర్టుకిచ్చిన డాక్యుమెంట్ సరిగా చెరపకపోవడంతో కొన్ని అంకెలు బయటపడ్డాయి. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చయిందని అందులో ఉంది. అంత పెట్టినవాళ్ళు వీలైనంత ఎక్కువమంది కొనాలనీ, కొన్నవాళ్ళు చివరి సీన్ వరకు చూడాలనీ కోరుకోవడం సహజం. మధ్యలో ఒక బాస్ దగ్గర సగం మంది ఆగిపోతే, ఆ తర్వాత కోట్లు పెట్టి తీసిన సీన్లన్నీ వాళ్ళ వరకు వృథానే.

అందుకే మెయిన్ దారిని చదును చేస్తారు. కొన్నిసార్లు మనకి తెలియకుండానే. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 మనం ఎలా ఆడుతున్నామో గమనించి లోలోపలే కష్టాన్ని పెంచేది, తగ్గించేది. స్పైడర్‌మ్యాన్ (2018) అయితే పజిల్స్ దాటేసే ఆప్షన్, బటన్ నొక్కే సీన్లని వాటంతటవే పూర్తి చేసే ఆప్షన్ సెట్టింగ్స్‌లో బహిరంగంగానే ఇచ్చింది.

ఇది తప్పని నేను అనను. చేతులు సరిగా సహకరించనివాళ్ళు, చూపు తక్కువున్నవాళ్ళు కూడా ఈ కథలు ఆడగలగాలి. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 ఈ విషయంలో ఆదర్శం. అందులో ప్లేయర్, శత్రువులు, తోడున్నవాళ్ళు, దాక్కోవడం, వస్తువులు అని 5 విభాగాల్లో కష్టాన్ని విడివిడిగా మార్చుకోవచ్చు. శత్రువుల తెలివి పెంచి, వస్తువులు మాత్రం ఎక్కువ దొరికేలా పెట్టుకోవచ్చు. ఒకరికి ఈజీ మోడ్ ఉండడం వల్ల ఇంకొకరి హార్డ్ మోడ్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు.

నా ఫిర్యాదు వేరే చోట ఉంది. కొన్ని గేమ్స్‌లో హార్డ్ మోడ్ అంటే శత్రువు ప్రాణం పెంచడం, మన ప్రాణం తగ్గించడం, అంతే. గాడ్ ఆఫ్ వార్ (2018) అత్యంత కష్టమైన మోడ్‌లో మొదటి కొన్ని గంటలు ఇలాగే ఉంటాయి. మన దగ్గర సరైన ఆయుధాలు, శక్తులు ఉండవు, మామూలు శత్రువుని కూడా గొడ్డలితో కొట్టీ కొట్టీ చేతులు నొప్పెడతాయి. పైగా ఆ మోడ్ ఒకసారి ఎంచుకుంటే మధ్యలో మార్చుకోలేం. మొదటి గంటలోనే విసిగిపోయి వదిలేసేవాళ్ళని నేను తప్పు పట్టను.

అందరూ చదును చేసిన దారే ఇవ్వాలని రూలేం లేదు. సెకిరో (2019)లో కష్టం తగ్గించే ఆప్షనే లేదు. కత్తికి కత్తి ఎదురుపెట్టే బటన్‌ని కంగారుగా పదేపదే నొక్కితే ఆ టైమింగ్ ఇంకా ఇరుకవుతుంది. అయినా అది ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ గెలిచింది. 2024 ఆగస్టులో వచ్చిన చైనా గేమ్ బ్లాక్ మిత్: వుకాంగ్ కూడా అంతే. అన్‌రియల్ ఇంజిన్ 5 మీద కళ్ళు చెదిరేలా తీశారు, కట్‌సీన్లకి లోటు లేదు, కష్టాన్ని ఎంచుకునే మెనూ మాత్రం లేదు. రెండో చాప్టర్‌లో టైగర్ వాన్‌గార్డ్ దగ్గర చాలామందికి చెమటలు పట్టాయి. గ్రాఫిక్స్ బాగుంటే ఆట తేలికగా ఉండాలనే లెక్క తప్పని ఈ గేమ్ ఋజువు చేసింది.

ఫోన్‌లో ఆడితే?

ఈ సైట్ చదివేవాళ్ళకి ఇది కూడా ముఖ్యమే. రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్ 2023 డిసెంబర్‌లోనే ఐఫోన్ 15 ప్రోకి వచ్చింది. అయితే గేమ్ పెట్టే పరీక్ష వేరు, డివైజ్ పెట్టే పరీక్ష వేరు. 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్ సుమారు 33 మిల్లీసెకన్లు ఉంటుంది, 60లో సుమారు 17. పారీ టైమింగ్ మీద నడిచే గేమ్‌లో ఈ తేడా చేతికి తెలుస్తుంది. దానికి తోడు గాజు మీద బొటనవేళ్ళతో గురిపెట్టడం, ఫోన్ వేడెక్కాక ఫ్రేమ్స్ పడిపోవడం. ఇలాంటి చోట ఓడిపోతే అది మీ నైపుణ్యం లోపం కాదు. ఫోన్‌లో ఈ రకం గేమ్స్ సీరియస్‌గా ఆడాలనుకుంటే ముందు ఒక మంచి కంట్రోలర్ తీసుకుని, ఆ తర్వాతే గేమ్ కష్టమా కాదా అని తేల్చండి.

రివ్యూలలో ఒక లైన్ చేర్చాలి

ఒక ఫోన్ గేమింగ్ రివ్యూ రాసేటప్పుడు "బీజీఎంఐ బాగా ఆడింది" అని రాసి వదిలేస్తే మీరు ఒప్పుకుంటారా? ఏ గ్రాఫిక్స్ సెట్టింగ్, ఏ ఫ్రేమ్ రేట్, ఎంతసేపు ఆడాక ఎంత వేడెక్కింది అని అడుగుతారు. గేమ్ రివ్యూలని మాత్రం మనం ఆ ప్రశ్న అడగం. లాంచ్ రోజుకల్లా రివ్యూ రావాలంటే రాసేవాళ్ళు గేమ్‌ని త్వరగా ముగించాలి. ఆ తొందరలో నార్మల్ మోడ్‌లో, మెయిన్ కథ వరకే ఆడి "కంబాట్ సింపుల్‌గా ఉంది" అని రాస్తే, అది ఆ గేమ్‌లో ఒక సెట్టింగ్ గురించి చెప్పిన మాట మాత్రమే. కాబట్టి ప్రతి గేమ్ రివ్యూలో ఏ మోడ్‌లో ఆడారో, కథ బయట ఏమేం ఆడారో ఒక లైన్ రాయాలి. అది మన తెలుగు టెక్ సైట్‌లతోనే మొదలైతే ఇంకా సంతోషం.

ఇక కొనేవాళ్ళకి నా సలహా. డబ్బులు కట్టే ముందు యూట్యూబ్‌లో ట్రైలర్ కాకుండా, ఆ గేమ్ అత్యంత కష్టమైన మోడ్‌లో ఒక ఫైట్ 10 నిమిషాలు చూడండి. శత్రువు చచ్చేవరకు కొట్టడం తప్ప ఇంకేమీ కనిపించకపోతే, కథ కోసం వీడియో చూసేసి ఆ 5,000 దాచుకోండి. ఆడేవాళ్ళు ప్రతి సెకను ఏదో ఒకటి ఎంచుకుంటూ కనిపిస్తే మాత్రం కొనండి. కొన్నాక నార్మల్ కాకుండా దానికి ఒక మెట్టు పైన మొదలుపెట్టండి. మరీ కష్టమైతే చాలా గేమ్స్‌లో తగ్గించుకునే వీలు ఎలాగూ ఉంటుంది.

రాగ్నరోక్‌ని హింట్ల కోసం పైన తిట్టాను కదా, దాని గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2023 డిసెంబర్‌లో దానికి వల్హల్లా అనే ఎక్స్‌పాన్షన్ ఫ్రీగా ఇచ్చారు. అందులో చచ్చిపోతే ఆ ప్రయత్నం మొత్తం అయిపోయినట్టే, మళ్ళీ గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అదే క్రేటోస్, అదే కెమెరా, కళ్ళు తడిపే అదే రకం కథ. కానీ హింట్లిచ్చి నడిపించేవాళ్ళు లేరు, గది గదికీ ఏ శక్తి తీసుకోవాలో మనమే తేల్చుకోవాలి. ఆ గేమ్ మీ దగ్గర ఇప్పటికే ఉండి, కథ అయిపోయిందని పక్కన పెట్టేసి ఉంటే, ఈ వీకెండ్‌కి అది డౌన్‌లోడ్ చేయండి. "బటన్ నొక్కే సినిమా" అన్న ఫ్రెండ్ చేతికి కంట్రోలర్ ఇచ్చి మొదటి రన్ వాళ్ళనే ఆడమనండి.